కత్తిరించిన చదరపు ముక్కలతో మొదటి బొంత కుట్టడం ఎలా?

"అయిదంగుళాల చదరపు ముక్కల ప్యాకెట్టు కొన్నాను. ఉతికి కుట్టాలా, ఉతక్కుండా కుట్టాలా? జాకెట్లు కుట్టే మిషను మీదే అవుతుందా? ఈ ముక్కలన్నీ కలిపితే ఎంత బొంత వస్తుంది?" నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవే. ఒక్కొక్కరికి విడిగా చెప్పినప్పుడు ఏదో ఒకటి మరిచిపోతున్నాను కనుక, ప్యాకెట్టు విప్పడం మొదలుకొని మొదటి ఉతుకు దాకా మొత్తం పనిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

అడిగేవాళ్ళలో చాలామందికి జాకెట్లు, లంగాలు కుట్టడం బాగా వచ్చు. అది మేలే, కాని అక్కడి అలవాటు ఒకటి ఇక్కడ పక్కన పెట్టాలి. జాకెట్టులో పక్కలకు అంగుళమో అంగుళంన్నరో గుడ్డ వదిలి, బిగుతైతే ఒక కుట్టు విప్పుకోవచ్చునన్న ధైర్యంతో కుడతాము. చదరపు ముక్కల్లో ఆ వెసులుబాటు లేదు. ప్రతి కుట్టుకూ పావు అంగుళమే పోవాలి. ఒకచోట పావు, మరొకచోట అర పోతే మూలలు కలవవు. ముక్కలు కత్తిరించి వచ్చాయి గనుక సగం పని అయిపోయిందని అనుకుంటారు. కత్తెర పని తప్పిన మాట నిజమే గాని, కొలత పని అంతా ఇంకా మన చేతిలోనే ఉంది.

కావలసినవి

- 5 అంగుళాల కాటన్ చదరపు ముక్కలు 42. చాలా ప్యాకెట్లలో ఇన్నే వస్తాయి, కాని అన్నిటిలోనూ కాదు, విప్పగానే లెక్కపెట్టుకోండి.
- అడుగు పొరకు 44 అంగుళాల పన్నా ఉన్న కాటన్ గుడ్డ ఒక మీటరు. దీన్ని నెల్లూరు చిన్నబజారులోనో, మీ ఊళ్ళో మీకు అలవాటైన బట్టల కొట్టులోనో మీటర్ల లెక్కన కోయించుకోవచ్చు. పాప్లిన్ అయినా కేంబ్రిక్ అయినా పనికివస్తుంది.
- మధ్య పొరకు మెత్తబడిన పాత నూలు చీర ఒకటి, లేదా అదే కొలతకు సరిపడే ఫైబర్ షీటు.
- అంచు పట్టీకి 44 అంగుళాల పన్నాలో 30 సెంటీమీటర్ల గుడ్డ. పావు మీటరు కోయించుకుంటే అరంగుళంలోపే అయినా తక్కువ పడుతుంది, కాబట్టి 30 అనే అడగండి.
- తెలుపు లేదా లేత బూడిద రంగు నూలు దారం, 12 లేదా 14 నంబరు కొత్త సూది, గుండుసూదులు, నాలుగు డజన్ల చిన్న పిన్నీసులు, స్కేలు, సుద్ద, కుట్లు విప్పే రిప్పరు, ఇస్త్రీపెట్టె.

కాలితో తొక్కే నల్ల మిషను దీనికి చక్కగా సరిపోతుంది. ఈ పనికి తిన్నని కుట్టు తప్ప మరొకటి అక్కరలేదు గనుక, జిగ్‌జాగ్ వచ్చే కొత్త మిషను లేదని ఆగిపోవద్దు.

ఎంత బొంత వస్తుంది?

5 అంగుళాల ముక్కకు రెండు వైపులా పావేసి అంగుళం కుట్టులోకి పోగా, కుట్టిన తర్వాత 4.5 అంగుళాలు కనబడుతుంది. 42 ముక్కలను వరుసకు ఆరు చొప్పున ఏడు వరుసలు పేరిస్తే 27 అంగుళాల వెడల్పు, 31.5 అంగుళాల పొడవు గల బొంత వస్తుంది. పసిబిడ్డను పడుకోబెట్టడానికి, ఉయ్యాలలో పరచడానికి ఇది చాలు, మొదటిసారికి ఇంతకంటే పెద్దది పెట్టుకోవద్దని నా సలహా. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉండే సింగిల్ దుప్పటి అంత కావాలంటే వరుసకు 14 చొప్పున 20 వరుసలు, అంటే 280 ముక్కలు కావాలి. అలాంటి ప్యాకెట్లు ఏడు అవుతాయి. అంత పెద్దదానికి 10 అంగుళాల ముక్కలు కొనడం తేలిక. అవి వరుసకు ఆరు చొప్పున తొమ్మిది వరుసలు, 54 ముక్కలతోనే 57 అంగుళాల వెడల్పు, 85.5 అంగుళాల పొడవు వస్తుంది.

ప్యాకెట్టు ఒక్కటే ఉండి కొంచెం పెద్ద బొంత కావాలంటే, పై పొర పూర్తయ్యాక చుట్టూ 4.5 అంగుళాల వెడల్పున కోసిన పట్టీ ఒకటి వేసుకోండి, కుట్టులోకి పోగా అది 4 అంగుళాలు కనబడుతుంది. అప్పుడు కొలత 35 అంగుళాల వెడల్పు, 39.5 అంగుళాల పొడవు అవుతుంది. అడుగు పొరకు మీటరు చాలదు, మీటరుంపావు తీసుకోవాలి. అంచు పట్టీకి కూడా ఒక పేలిక అదనంగా పడుతుంది.

1. ముక్కలను ఉతకకండి, రంగు మాత్రం పరీక్షించండి

కొత్త గుడ్డను ఉతికి కుట్టడం మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, కాని ఇక్కడ అది చేటు చేస్తుంది. 5 అంగుళాల ముక్కను ఉతికితే నాలుగు అంచులూ పోగులు లేచి, చదరం కాస్తా వంకరపోతుంది. ఒక్కొక్కటి ఒక్కొక్క మాదిరిగా కుంచించుకుంటుంది. ఒకసారి అలా అయిన ముక్కలను మళ్ళీ ఒకే కొలతకు తేవాలంటే అన్నిటినీ 4.5 అంగుళాలకు కత్తిరించడం తప్ప దారి లేదు.

ఉతక్కుండా రంగు సంగతి తెలుసుకోవడానికి తెల్లని చేతిరుమాలును తడిపి, గట్టిగా పిండి, ఎరుపు, మెరూను, నీలం, నలుపు ముక్కల మీద పది పన్నెండుసార్లు రుద్దండి. రుమాలుకు రంగు అంటితే ఆ ముక్కను పక్కన పెట్టి, దాని బదులు ఇంట్లో ఉన్న ఉతికిన కాటన్ గుడ్డలోంచి ఒకటి కత్తిరించుకోండి. నేను కుట్టిన రెండో బొంతలో ఈ పని చేయలేదు. మూడు వారాలు కూర్చుని కుట్టిన దాన్ని బకెట్టులో నానబెట్టి వచ్చి చూసేసరికి, రెండు ఎర్ర ముక్కల చుట్టూ ఉన్న తెల్లవన్నీ రోజా రంగుకు మారిపోయాయి. అప్పటి నుంచి రుమాలు రుద్దకుండా ఒక్క ముక్కా మిషను కిందికి పోనివ్వలేదు.

2. ముక్కల అసలు కొలత చూడండి

ప్యాకెట్టు ముక్కల అంచులు చాలావాటికి రంపపు పళ్ళ మాదిరిగా కోసి ఉంటాయి. పోగులు లేవకుండా అలా కోస్తారు. ఇబ్బంది ఏమిటంటే, 5 అంగుళాలు అన్నది పన్ను కొన నుంచి కొనకా, పళ్ళ మధ్య పల్లం నుంచి పల్లానికా అన్నది ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క విధంగా పెట్టుకుంటాడు. స్కేలు పెట్టి నాలుగైదు ముక్కలను అడ్డంగా, నిలువుగా కొలవండి. కొనల మధ్య సరిగ్గా 5 ఉంటే, కుట్టేటప్పుడు కొనలను గీతకు, అంటే తర్వాతి మెట్టులో మిషను మీద పెట్టుకునే పావు అంగుళం గుర్తుకు, ఆనించాలి. పల్లాల మధ్య 5 ఉంటే కొనలు గీత దాటి కొంచెం బయటికి ఉండాలి. ఏది మీదైతే దాన్ని చివరి ముక్క వరకు మార్చకూడదు.

ఏ ముక్కైనా మిగతావాటి కంటే సన్నటి గీత మందాన చిన్నదిగా ఉంటే పరవాలేదు. అరపావు అంగుళం తక్కువైతే మాత్రం దాన్ని వాడకండి.

3. మిషను మీద పావు అంగుళం గుర్తు పెట్టండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. ఫుట్టు అంచును పట్టుకుని కుడితే పావు వస్తుందని చాలామంది నమ్ముతారు. కొన్ని మిషన్లలో వస్తుంది, కొన్నిటిలో రాదు. ఫుట్టు మార్చినప్పుడల్లా ఆ కొలత కూడా మారుతుంది. కనుక ఇలా చేయండి.

కొలత టేపును సూది కింద పెట్టి, పావు అంగుళం గీత మీదికి సూది దిగేలా చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. టేపు మొదలు ఎక్కడికి వచ్చిందో అక్కడ, మిషను పళ్ళకు తగలకుండా, చేతికి గాయమైతే వేసుకునే ప్లాస్టరును నాలుగైదు మడతలు వేసి గోడలాగా అంటించండి. గుడ్డ అంచు ఆ గోడను రాసుకుంటూ పోతే కుట్టు పక్కకు పోదు. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడేలా పెట్టుకోండి.

ఇప్పుడు పరీక్ష. మూడు పాత గుడ్డ ముక్కలను సరిగ్గా 5 అంగుళాలకు కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి జోడించి, కుట్లను ఒక పక్కకు మడిచి ఇస్త్రీ చేయండి. మధ్య ముక్క 4.5 అంగుళాలు, మొత్తం పొడవు 14 అంగుళాలు ఉండాలి. మధ్య ముక్క తక్కువ వస్తే మీ కుట్టు ఎక్కువ గుడ్డ తింటున్నట్టు. ప్లాస్టరు గోడను సూదికి పిసరంత దగ్గరికి జరపండి. ఎక్కువ వస్తే దూరంగా జరపండి. కుట్టు దగ్గర గుడ్డ మడత పడడానికి కూడా ఒకటి రెండు పోగుల మందం పోతుంది గనుక, గోడ పావు కంటే ఒక వెంట్రుక లోపలికి ఉండడమే సరైనది. మళ్ళీ మూడు ముక్కలు కత్తిరించి, మళ్ళీ కొలవండి. నాలుగుసార్లు చేయవలసి వచ్చినా విసుక్కోకండి.

"ఇంత చిన్న తేడాకు ఇంత హైరానా ఎందుకు?" అని ఒక చెల్లెలు అడిగింది. ప్రతి ముక్కకూ ఒక్కొక్క వైపున అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయిందనుకోండి. ఒక జోడింపుకు ఎనిమిదో వంతు, ఆరు ముక్కల వరుసలో అయిదు జోడింపులకు అరంగుళం పైన పోతుంది. అన్ని వరుసలూ ఒకే తప్పుతో ఉంటే బొంత చిన్నదవుతుంది, అంతే. కాని ఒక వరుస ఉదయం, ఇంకొకటి నిద్రమత్తులో రాత్రి కుట్టి, ఒకటి 27.5 అంగుళాలు, మరొకటి 27 అయితే, ఆ రెంటినీ కలిపేటప్పుడు ఏ మూలా ఏ మూలతోనూ కలవదు.

4. నేల మీద పేర్చండి

ముందు పైన తిరిగే ఫ్యాను ఆపండి; ఇది రాయవలసిన మాటేనా అనిపించవచ్చు గాని, అరగంట పేర్చిన ముక్కలు ఒక్క విసురుకు చెదిరిపోయిన వాళ్ళను చూశాను. టైల్సు నేల అయితే టైలు గీతలే వరుసలు తిన్నగా ఉన్నాయో లేదో చెబుతాయి. వరుసకు ఆరు, ఏడు వరుసలు పేర్చండి. ముదురు రంగులు అన్నీ ఒక మూలకు చేరకుండా, ఒకే పువ్వుల గుడ్డ రెండు ముక్కలు పక్కపక్కన పడకుండా చూసుకోండి. సెల్‌ఫోనుతో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపుకు మార్చి చూస్తే ముదురు ఎక్కడ గుంపుగా చేరిందో వెంటనే తెలిసిపోతుంది.

నచ్చిన తర్వాత మరో ఫోటో తీసి ఉంచండి. ప్రతి వరుసలోనూ ఎడమ చివరి ముక్కకు 1, 2, 3 అని రాసిన కాగితం ముక్కను గుండుసూదితో గుచ్చి, ఆ ముక్క పైన ఉండేలా వరుసను ఎడమ నుంచి కుడికి ఒకదాని మీద ఒకటి దొంతరగా ఎత్తండి.

5. వరుసలు కుట్టండి

మొదటి రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, కుడి అంచును కుట్టండి. మొదట్లో, చివర్లో తిరుగు కుట్టు వేయనక్కరలేదు. వరుసలు కలిపే కుట్టు దాని మీదుగా వెళ్ళి బిగిస్తుంది. ముక్క అయిపోగానే దారం తెంచకుండా, వెనకాలే తర్వాతి వరుసలోని మొదటి జతను పెట్టండి. ఇలా ఏడు జతలూ దండలాగా వస్తాయి, దారమూ సమయమూ కలిసివస్తాయి. తర్వాత దండను కత్తిరించి మూడో ముక్కలను జోడించండి. వరుసల నంబరు కాగితాలు ఊడిపోకుండా చూసుకోవడమే ఇందులో జాగ్రత్త.

గుడ్డను వెనక నుంచి లాగకండి. మిషను పళ్ళు వాటంతట అవే లాక్కుంటాయి. మనం చేత్తో లాగితే పై ముక్క సాగి, కింది ముక్క కంటే పొడుగవుతుంది.

ఒక వరుస పూర్తి కాగానే కొలవండి. 27.5 అంగుళాలు ఉండాలి. పావు అంగుళం లోపు తేడా ఉంటే సర్దుకుంటుంది. అంతకు మించితే, ఏ ముక్క 4.5 కాలేదో వెతికి ఆ కుట్టు ఒక్కటే విప్పండి. ప్రతి మూడో కుట్టును రిప్పరుతో తెంచి, రెండో వైపు దారాన్ని లాగితే గుడ్డకు దెబ్బ తగలకుండా వచ్చేస్తుంది. బ్లేడుతో విప్పవద్దు, పక్క పోగు తెగితే ఆ ముక్క మళ్ళీ పనికిరాదు.

6. ఇస్త్రీ: రుద్దకుండా ఒత్తండి

చీర ఇస్త్రీ చేసినట్టు పెట్టెను ముందుకూ వెనక్కూ రుద్దితే చదరాలు సాగిపోయి వరుస విల్లులాగా వంగుతుంది. పెట్టెను కుట్టు మీద పెట్టి, మూడు లెక్కపెట్టి, ఎత్తి, పక్కన పెట్టాలి. ముందు కుట్టును మూసి ఉన్నట్టే ఒకసారి ఒత్తి, తర్వాత తెరిచి మార్జిన్లను, అంటే కుట్టులోకి పోయిన పావు అంగుళం గుడ్డను, ఒకే పక్కకు పడుకోబెట్టాలి.

ఏ పక్కకు అన్నది ముఖ్యం. 1, 3, 5, 7 వరుసల మార్జిన్లు కుడికి, 2, 4, 6 వరుసలవి ఎడమకు ఉండాలి. జాకెట్టు కుట్లను రెండు పక్కలకూ విడదీసి ఒత్తేవారు ఈ ఒక్కచోట అలవాటు మార్చుకోవాలి, కారణం తర్వాతి మెట్టులో తెలుస్తుంది. వరుసను ఇస్త్రీ చేయగానే నంబరు కాగితం పక్కన ఒక బాణం గుర్తు గీసుకుంటే రెండోసారి తిప్పి చూసుకోనక్కరలేదు.

7. వరుసలు కలపండి

1, 2 వరుసలను మంచి వైపులు ఎదురెదురుగా పెట్టండి. ఒక వరుస మార్జిన్ కుడికి, రెండోది ఎడమకు ఉన్నాయి గనుక, జోడింపు దగ్గర బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని కొంచెం కదిలిస్తే ఒక మందం రెండో మందానికి ఆనుకుని ఆగిపోతుంది. తలుపు గడియ పడినట్టు చేతికి తెలుస్తుంది. కంటితో చూసి కలపడం కంటే ఈ వేళ్ళ లెక్కనే నమ్మండి. అక్కడ మార్జిన్‌కు అటు ఒకటి, ఇటు ఒకటి గుండుసూది గుచ్చండి. అయిదు జోడింపులకూ గుచ్చిన తర్వాతే మిషను కింద పెట్టండి. సూది దగ్గరికి వచ్చినప్పుడు గుండుసూదిని తీయాలి; దాని మీదుగా కుడితే సూది విరిగి కంట్లో పడే ప్రమాదం ఉంది.

రెండు జోడింపుల మధ్య ఒక ముక్క కొంచెం పొడుగై ఉబ్బితే, ఆ పొడుగు ముక్క కిందికి వచ్చేలా తిప్పి కుట్టండి. మిషను పళ్ళు కింది పొరను కొంచెం కొంచెం లాక్కుని, ఆ ఉబ్బును సర్దేస్తాయి.

కుట్టగానే తెరిచి, మంచి వైపు నుంచి మూలలు చూడండి. రెండు మూలల మధ్య పెసరగింజ మందాన తేడా ఉంటే వదిలేయండి. బొంత పరిచాక అది ఎవరికీ కనబడదు. కందిగింజ దాటితే ఆ మూలకు అటూ ఇటూ అంగుళంన్నర మేర మాత్రమే విప్పి మళ్ళీ కుట్టండి. మొత్తం వరుస విప్పకండి. ఏడు వరుసలూ అయ్యాక పై పొర 27.5 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల పొడవు ఉండాలి. మూల నుంచి మూలకు రెండు ఐమూలలూ కొలవండి. రెండూ సమానమైతే చదరం సరిగా ఉన్నట్టు. అరంగుళం మించి తేడా ఉంటే ఎక్కడో ఒక వరుస సాగింది, తడి గుడ్డ వేసి ఒత్తి తిన్నగా పరిచి ఆరనివ్వండి.

8. మధ్య పొర, అడుగు పొర

మన జిల్లాల ఎండలకు మందమైన ఫైబర్ షీటు అవసరం లేదు. చలికాలమంటే మనకు డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాములే గనుక, మెత్తబడిన నూలు చీరను రెండు మడతలు వేస్తే సరిపోతుంది. మా అవ్వ బొంతలన్నీ అలాగే కుట్టేది. వెంకటగిరి నేత చీర ఒకటి నలభై ఏళ్ళు కట్టి, చివరికి చెంగు దగ్గర పిగిలిపోతే, జరీ అంచు ఊడదీసి దాన్నే మధ్యలో పెట్టి కుట్టిన బొంత మా ఇంట్లో ఇంకా ఉంది. నేను కుట్టిన మొదటి బొంతను ఒళ్ళో వేసుకుని, ముక్కలను వదిలేసి అంచుల వెంబడి వేలు పోనిస్తూ, "ఏందమ్మా, అడుగు గుడ్డ అట్ట లాగి పట్టినావు? ఉతికితే ముడుచుకుపోద్ది" అంది. ఆ మాటే నిజమైంది. అడుగు పొరను సాగదీసి అంటించడమే అక్కడ నా పొరపాటు.

జరీ ఉన్న భాగాన్ని లోపల పెట్టకండి, గుచ్చుకుంటుంది. పాలిస్టరు చీర జారుతుంది, వద్దు. పరుపులలో వేసే విడి దూదిని కూడా వాడకండి. కుట్లు దగ్గరగా లేకపోతే రెండు ఉతుకులకే ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది. అడుగు పొరకు కోరా గుడ్డ తీసుకుంటే తప్పకుండా ముందు ఉతికి ఆరేయాలి, అది బాగా కుంచించుకుంటుంది. మామూలు పాప్లిన్‌ను మాత్రం ముక్కలలాగే ఉతక్కుండా వాడితే రెండు పొరలూ ఇంచుమించు ఒకే మాదిరిగా సర్దుకుంటాయి.

అడుగు పొర, మధ్య పొర రెండూ పై పొర కంటే నాలుగు వైపులా రెండేసి, మూడేసి అంగుళాలు పెద్దవిగా ఉండాలి. అడుగు పొరను తిరగ వైపు పైకి వచ్చేలా నేల మీద పరిచి, నాలుగు వైపులా ముడతలు లేకుండా, లాగకుండా టేపుతో అంటించండి. దాని మీద మధ్య పొర, దాని మీద పై పొర మంచి వైపు పైకి పరిచి, నడిమి నుంచి అంచులకు అరచేత్తో సర్దండి. ప్రతి చదరం నడుమ ఒక పిన్నీసు పెడితే 42 పిన్నీసులు పడతాయి. పిన్నీసులు లేకపోతే పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవచ్చు. నేల మీద వంగలేనివారు మంచం మీద చేయకండి, పరుపు కిందికి దిగి పొరలు అణగవు. భోజనాల బల్ల మేలు.

9. మూడు పొరలూ కలిపి కుట్టండి

మొదటి బొంతకు సులువైన పద్ధతి, ప్రతి జోడింపుకు పావు అంగుళం ఎడంగా దాని వెంబడే తిన్నగా కుట్టుకుంటూ పోవడం. ముక్కల జోడింపే గీత గనుక సుద్ద గీతలు అక్కరలేదు. నడిమి గీతతో మొదలుపెట్టి ఒక పక్కకు, మళ్ళీ నడిమికి వచ్చి రెండో పక్కకు వెళ్ళండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ అంతా నడిమికి వచ్చి ముడతగా చేరుతుంది. అంగుళానికి 8 కుట్లు చాలు. ఫుట్టును కిందికి నొక్కి ఉంచే కడ్డీ పైనున్న స్క్రూను (ఫుట్టును బిగించే స్క్రూను కాదు) ఒక చుట్టు వదులు చేస్తే పై పొర ముందుకు తోసుకుపోకుండా ఉంటుంది. ప్రతి గీత మొదలుపెట్టే ముందు చేతిని అడుగుకు పోనిచ్చి, ముడత ఉందేమో తడిమి చూడండి. కుట్టిన తర్వాత చూస్తే విప్పక తప్పదు.

చేత్తో కుట్టేవారికి మన పాత బొంత కుట్టు ఉండనే ఉంది. దారం మూరెడు మించకుండా తీసుకుని, ముడిని పై పొర కిందికి లాగి దాచి, అంగుళానికి ఆరు ఏడు కుట్లు సమంగా వేసుకుంటూ పోండి. నా మట్టుకు నాకు, నూలు చీర మధ్య పొరగా ఉన్నప్పుడు చేతి కుట్టే ఇష్టం. ఉతికిన తర్వాత బొంత మెత్తగా ఒళ్ళంటుకుని ఉంటుంది.

10. అంచు పట్టీ

మూడు పొరలనూ స్కేలు పెట్టి ఒకే గీతకు కత్తిరించండి. పట్టీ గుడ్డలోంచి 2.5 అంగుళాల వెడల్పున నాలుగు పేలికలు తీయండి. చుట్టుకొలత 119 అంగుళాలు, మూలలకూ చివర్లు కలపడానికీ మరో పది అంగుళాలు కావాలి, పేలికల అతుకుల్లోనూ కొంత పోతుంది గనుక మూడు పేలికలతో చాలదు. పేలికలను ఐమూలగా జోడిస్తే మందం ఒకచోట చేరదు. పొడవునా రెండు మడతలుగా ఇస్త్రీ చేసి, తెరిచి ఉన్న అంచులను బొంత అంచుతో కలిపి, పై వైపు నుంచి పావు అంగుళంలో కుట్టండి.

మూల వచ్చినప్పుడు సరిగ్గా పావు అంగుళం ముందు ఆపి, తిరుగు కుట్టు వేసి దారం తెంచండి. పట్టీని తిన్నగా పైకి మడిచి, మళ్ళీ కిందికి మడిచి, మడత అంచు బొంత అంచుతో సమంగా వచ్చాక కొత్త వైపు కుట్టు మొదలుపెట్టండి. మూల దాకా కుట్టేస్తే మడత తిరగదు, మూల గుండ్రంగా ఉండచుట్టుకుపోతుంది. ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. ముందుగా పాత గుడ్డ మీద ఒక మూల చేసి చూసుకోండి. చివర్లో పట్టీని వెనక్కి తిప్పి, కుట్టు గీత కప్పేలా హెమ్మింగ్ చేయండి.

పని సరిగా వచ్చిందో లేదో

బొంతను నాలుగు మడతలు వేసి అంచులు కలుస్తున్నాయో చూడండి. ఒక్కొక్క జోడింపును రెండు చేతుల బొటనవేళ్ళతో మెల్లగా లాగితే, కుట్టు సందులోంచి వెలుతురు కనబడకూడదు. కనబడితే అక్కడ మార్జిన్ అరపావు కంటే తక్కువ పడి ఉంటుంది, ఉతికితే ఊడుతుంది. పై నుంచే దాని మీద సన్నని చేతి కుట్టు వేసి, దారం రంగు కలిపేయండి. వెనక వైపు తిప్పి ముడతలు వెతకండి. చిటికెనవేలి గోరంత ముడత ఉతుకులో సర్దుకుంటుంది, మడత పడి కుట్టులో ఇరుక్కున్నది మాత్రం సర్దుకోదు, ఆ గీత మేర విప్పాలి. పసిబిడ్డ కోసమైతే పిన్నీసులు, గుండుసూదులు అన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ఒక్కటి తక్కువైనా బొంతంతా అరచేత్తో తడమకుండా బిడ్డ కింద వేయవద్దు.

మొదటిసారి చన్నీళ్ళలో, తక్కువ సబ్బుతో, విడిగా, నానబెట్టకుండా ఉతకండి. మెలితిప్పి పిండకుండా ఒత్తి నీళ్ళు తీసి, నీడలో రెండు తాళ్ళ మీద బరువు పంచుకునేలా ఆరవేయండి. నవంబరు వానల్లో అయితే ఒక పూటలో ఆరదు. లోపలి చీర తడిగా ఉండగా మడత పెడితే ముక్క వాసన పట్టేస్తుంది. ఆరాక పై పొర కొంచెం ముడుతలు పడి బొంతలాగా ఉబ్బుతుంది. దాన్ని చూసి కుట్టు చెడిందని ఇస్త్రీ చేయకండి, అది అలాగే ఉండాలి.